కడపలో కూర్చుని డాల్ఫిన్ల వేటను ఆపించడానికి ఏం చేయొచ్చు?

ఏడాదికి ఒకసారైనా ఆ ఫార్వర్డ్ మీ ఫోనుకు వచ్చే ఉంటుంది. ఎర్రబడిన సముద్రం, ఒడ్డున వరసగా పడున్న నల్లటి జీవాలు, కింద నాలుగు ముక్కలు: ‘డెన్మార్క్‌లో కుర్రాళ్లు మగాళ్లమయ్యామని నిరూపించుకోవడానికి కాల్డెరాన్ డాల్ఫిన్లను చంపుతారు. పదిమందికి పంపండి.’ మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో రెండేళ్లు వరసగా దాన్ని పెట్టింది నేనే, ఏడుపు బొమ్మతో సహా. జువాలజీ చెప్పేవాణ్ణి అయ్యుండి కూడా కాల్డెరాన్ అనే డాల్ఫిన్ ఏదైనా ఉందా అని వెతకలేదు. లేదు. పైలట్ తిమింగలానికి స్పానిష్‌లో ఉన్న పేరు అది. ఫోటోలు నిజమే. చోటు డెన్మార్క్ కాదు, దాని కింద స్వపరిపాలన ఉన్న ఫారో దీవులు. మగతనం పరీక్ష అన్నది ఎవరో అల్లిన కథ.

కాబట్టి మొదటి పని, ఆ ఫార్వర్డ్‌ను పంపడం ఆపడం. ఆ దీవుల్లో ఒక్కడు మన పోస్టు చూసినా, ‘వీళ్లకు మా ఊరి పేరు కూడా తెలీదు’ అని పక్కన పడేస్తాడు. ఆ తర్వాత మనం ఎంత నిజం చెప్పినా వినడు.

ఎక్కడ, ఎవరు, ఎందుకు చంపుతున్నారు

అన్ని వేటలూ ఒకటి కావు. దేని గురించి మాట్లాడుతున్నామో ముందు మనకు తెలియాలి.

జపాన్‌లో వకయామా రాష్ట్రంలో తైజి అనే చిన్న ఊరు ఉంది. ఏటా సెప్టెంబరు 1న అక్కడ వేట కాలం మొదలవుతుంది, దాదాపు ఆరు నెలలు నడుస్తుంది. పడవలు సముద్రంలోకి వెళ్లి, గుంపు కనబడగానే వరస కడతాయి. ఒక్కో పడవ నుంచి ఇనుప గొట్టాలు నీళ్లలోకి దించి సుత్తులతో కొడతారు. ఆ మోతకు దారి తప్పిన డాల్ఫిన్లను మనం గొర్రెల మందను తోలినట్టు తోలుకొచ్చి, ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన ఇరుకైన చిన్న అఖాతంలోకి నెట్టి వల అడ్డం కడతారు. ఆ తర్వాత జరిగేదే అసలు విషయం. షోలకు పనికొచ్చేవాటిని, ఎక్కువగా వయసులో ఉన్న ఆడ బాటిల్‌నోజ్ డాల్ఫిన్లను, శిక్షకులు దగ్గరుండి ఏరుకుంటారు. మిగిలినవాటిలో కొన్నిటిని వదిలేస్తారు, చాలావాటిని మాంసానికి చంపుతారు. మాంసానికి వచ్చేది వందల డాలర్లు. బతికుండి శిక్షణ పొందినదానికి వచ్చేది పదుల వేల డాలర్లు. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఫారో దీవుల వేట వేరే. అక్కడ పైలట్ తిమింగలాల గుంపు తీరానికి దగ్గరగా వస్తే ఊళ్లోవాళ్లంతా కలిసి ఒడ్డుకు తోలి చంపి, మాంసం పంచుకుంటారు. దీని లెక్కలు 1584 నుంచి రాసిపెట్టి ఉన్నాయి. పైలట్ తిమింగలం పేరుకే తిమింగలం, నిజానికి డాల్ఫిన్ల కుటుంబమే. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: ‘అంతరించిపోతున్నాయి, కాపాడండి’ అని రాస్తారు. ఉత్తర అట్లాంటిక్‌లో అవి లక్షల్లో ఉన్నాయి, అంతరించే జాబితాలో లేవు. అక్కడ గట్టిగా నిలబడే వాదనలు రెండు. ఒకటి, చంపే తీరు. రెండోది, ఆ మాంసంలో ఉండే పాదరసం. 2008లో ఆ దీవుల వైద్యాధికారులే ఈ మాంసం మనిషి తినడానికి పనికిరాదని చెప్పేశారు.

2021 సెప్టెంబరు 12న అక్కడ ఒక్క రోజులో 1,428 తెల్లపక్క డాల్ఫిన్లను చంపారు. పైలట్ తిమింగలాల వేటను సమర్థించేవాళ్లలో కూడా చాలామంది ఇది అతి అన్నారు. దాదాపు 13 లక్షల సంతకాల పిటిషన్ వెళ్లింది. ప్రభుత్వం సమీక్షించి చివరికి చేసింది రెండేళ్ల పాటు ఏడాదికి 500 అని తాత్కాలికంగా హద్దు పెట్టడం. నిషేధం కాదు. పిటిషన్ల బలం ఎంతో, ఎక్కడ ఆగిపోతుందో ఆ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

పెరూలో సొరచేపలకు ఎరగా డాల్ఫిన్లను చంపడం 1996 నుంచి చట్టవిరుద్ధం, అయినా సాగుతోంది. గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్‌లు తిండి కోసం చేసే వేటను మాత్రం తైజితో ఒకే గాటన కట్టకండి. ఇక మన దేశం సంగతి: గంగా డాల్ఫిన్ మన జాతీయ జలచరం, 2009లో ప్రకటించారు. దాని కొవ్వు నూనెను చేపలకు ఎరగా వాడటం బీహార్, అస్సాం వైపు ఉన్నదే. ‘ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి’ అని అవతలివాడు అనకముందే ఈ మాట మనమే చెప్పడం మేలు.

చట్టంలో సందు

తిమింగలాల వేటను నిషేధించారు కదా అంటారు చాలామంది. 1946 ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్, వ్యాపార వేటపై 1982లో నిషేధం నిర్ణయించింది, 1986 నుంచి అమలైంది. అయితే అది పెద్ద తిమింగలాలకే. డాల్ఫిన్లు, చిన్న తిమింగలాలు ఆ కమిషన్ అధికారంలోకి వస్తాయా రావా అని సభ్య దేశాలు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నాయి. జపాన్ 2019లో కమిషన్ నుంచే బయటికొచ్చింది. అంటే చిన్నవాటి గురించి ఏ దేశానికి ఆ దేశమే పెద్ద.

భారత్ ఆ కమిషన్‌లో సభ్య దేశం. పైగా మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డాల్ఫిన్లు, తిమింగలాలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2013 మేలో కేంద్రం డాల్ఫిన్ షో కేంద్రాలకు అనుమతులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. అంతకుముందు, 1990ల చివర్లో చెన్నై దగ్గర ఒక పార్కుకు బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలల్లోనే చనిపోయాయి. ఇవి రెండూ చేతిలో ఉంచుకోండి. ఉత్తరం రాసేటప్పుడు ‘మేం ఈ వ్యాపారాన్ని మా దేశంలో వద్దనుకున్నాం’ అని రాయగలగడం చిన్న సంగతి కాదు.

మన చేతికి అందే తాడు: టికెట్

నేను మొదటిసారి ఈ విషయం క్లాసులో ఎత్తినప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, ‘ఏం సార్, మన కడపకు సముద్రం యాడుండాది?’ అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక ఆలోచిస్తే, సముద్రం లేదు గానీ విమానం ఉంది కదా అనిపించింది. కడప, రాజంపేట, రాయచోటి వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. కువైట్‌లో ఉన్నవాళ్లు ఇంటివాళ్లను దుబాయ్ తిప్పుతారు. ఇక్కడ ఉన్నవాళ్లు ప్యాకేజీలో సింగపూర్, బ్యాంకాక్, బాలి పోతారు. ఆ ప్యాకేజీల్లో డాల్ఫిన్ షో మామూలు ఐటమ్. మన దేశంలో లేనిదాన్ని చూడటానికి మన డబ్బే విమానం ఎక్కుతోంది.

తైజిలో డబ్బంతా ఎక్కడుందో పైన చూశాం. మాంసం తినేవాళ్లు తగ్గుతున్నా వేట ఆగకపోవడానికి బతికున్న డాల్ఫిన్ల అమ్మకమే పెద్ద కారణమని ఉద్యమకారులు చాలాకాలంగా చెబుతున్నారు. అవి చైనాతో సహా పలు దేశాలకు వెళ్తున్నాయి. ఈ వైపు నుంచి నొక్కితే ఫలితం వచ్చింది కూడా. 2015లో ప్రపంచ జూల సంఘం జపాన్ జూల సంఘాన్ని సస్పెండ్ చేసింది. వాళ్లు ఓటింగు పెట్టుకుని, తైజి వేటలో పట్టిన డాల్ఫిన్లను ఇక కొనబోమని ఒప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని అక్వేరియంలు సంఘాన్నే వదిలేసి పోయాయనుకోండి. 2019లో ట్రిప్‌అడ్వైజర్ ఇలాంటి షోల టికెట్లు అమ్మడం మానుకుంటామని ప్రకటించింది.

ఇప్పుడు చేయాల్సింది. ఊళ్లో టూర్ ప్యాకేజీలు అమ్మే ఆఫీసుల పట్టిక రాసుకోండి. మాకు పదకొండు తేలాయి. ఒక్కోదానికి ఇద్దరు చొప్పున, మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య, రద్దీ లేనప్పుడు వెళ్లండి. ఉపన్యాసం వద్దు. ఒకే ప్రశ్న: ‘అన్నా, ఈ ప్యాకేజీలో డాల్ఫిన్ షో ఉంది కదా, ఆ డాల్ఫిన్లను యాడినుంచి తెచ్చినారో కనుక్కుంటావా?’ అతనికి తెలియదు. మనం నిందించడం లేదు కాబట్టి కోపం రాదు. తర్వాత అడగాల్సింది చిన్న సాయం: షో వద్దన్నవాళ్లకు ఆ డబ్బు తగ్గించి, లేదా వేరే ఐటమ్ పెట్టి ఇంకో ప్యాకేజీ ఇవ్వగలవా? మేం వెళ్లిన పదకొండులో ముగ్గురు సరేనన్నారు. ఒకాయన టీ ఇప్పించి, ‘సార్, మా పాప కూడా ఇదే అడిగింది’ అన్నాడు. మిగతావాళ్లు చూద్దాం అన్నారు. చూద్దాం అంటే లేదని అర్థం, అయినా పేర్లు కొట్టేయకండి.

ఒక జాగ్రత్త. ఫలానా పార్కు డాల్ఫిన్లు తైజివే అని ఆధారం లేకుండా ఎక్కడా రాయకండి. ప్రశ్న అడగండి, జవాబు వాళ్లను చెప్పనివ్వండి.

డ్రమ్ము, ఇనుప రాడ్డు

పిల్లలకు ఫోటోలు చూపించొద్దు. నేను ఒకసారి చూపించాను, ఇద్దరు అన్నం మానేశారని ఇంటినుంచి ఫోను వచ్చింది. చూపించాల్సింది శబ్దం.

రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెప్పించి, మూడొంతులు నీళ్లు నింపండి. మూడడుగుల ఇనుప రాడ్డును ఒక చివర నీళ్లలో మునిగేలా, డ్రమ్ముకు తగలకుండా పట్టుకోండి. ఒక పిల్లవాణ్ణి డ్రమ్ము గోడకు చెవి ఆనించి, రెండో చెవి మూసుకోమనండి. పైన ఉన్న చివర మీద స్పానర్‌తో మెల్లగా ఒక దెబ్బ వేయండి. గట్టిగా వద్దు, చెవికి ప్రమాదం. దూరంగా ఉన్నవాళ్లకు అది టింగుమని వినబడుతుంది. చెవి ఆనించినవాడు మాత్రం ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతాడు. ప్రతిసారీ. మా అటెండరు కూడా చెవి పెట్టి, ‘యబ్బ, తలకాయలో కొట్టినట్లుంది సార్’ అన్నాడు.

అప్పుడు చెప్పండి: గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే నీళ్లలో 1,500 మీటర్లు పోతుంది. డాల్ఫిన్ దారి వెతుక్కునేది, తిండి పట్టుకునేది, పిల్లను పిలిచేది శబ్దంతోనే. పది పడవలు ఒకేసారి కొడితే దానికి ఎదురుగా గోడ లేచినట్టే. ఇంతకు మించి చెప్పక్కర్లేదు, ప్రశ్నలు వాళ్లే వేస్తారు.

దీనికి మంచి సమయం అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవం. అటవీ శాఖ ఎలాగూ స్కూళ్లలో వ్యాసరచన, బొమ్మల పోటీలు పెడుతుంది, మీ డ్రమ్ముకు అరగంట ఇవ్వమంటే కాదనరు. 5న గంగా డాల్ఫిన్ దినం కూడా వస్తుంది. దసరా సెలవులు ఎప్పుడు పడ్డాయో చూసుకుని మాట్లాడుకోండి.

రోడ్డెక్కడం

పెద్దగా చెప్పను. ప్రపంచంలో చాలాచోట్ల సెప్టెంబరు 1న నిరసనలు చేస్తారని మేమూ ఆ వారమే ఏడురోడ్ల దగ్గర ప్లకార్డులు పట్టాలనుకున్నాం. అదే వారం వినాయక చవితి. ఫ్లెక్సీ కొట్టేవాడికి తీరిక లేదు, పోలీసులకు అంతకన్నా లేదు, 30 యాక్టు అమల్లో ఉందన్నారు. చివరికి పండగయ్యాక పదిహేను మందిమి నిలబడితే ఒక ఆటో అన్న బండి ఆపి, ‘ఇది ఏ పార్టీ సార్?’ అని అడిగాడు. అంత కష్టానికి ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. చేయాలనుకుంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. లేదంటే ఆ డబ్బుతో పోస్టల్ స్టాంపులు కొనండి.

పొట్టేలు ప్రశ్న

ఇది తప్పదు. ‘ఆదివారం పొద్దున మటన్ అంగడి ముందర క్యూలో నువ్వే ఉంటావు కదా, డాల్ఫిన్ అంటే మాత్రం ఏడుస్తావేం?’ అడిగింది మా బావమరిది. సంకటిలోకి మటన్ పులుసు వేసుకుంటూ అడిగాడు. నేనూ తింటున్నాను. తప్పించుకుంటే నలుగురిలో పలచనవుతాం.

నేను చెప్పే జవాబు ఇది. అవును, తింటాను. ఆ పొట్టేలును ఎలా కోయాలి, ఎవరు పరీక్ష చేయాలి అని మన దగ్గర నియమాలున్నాయి. సరిగ్గా అమలు కావు, అది మన తప్పు, దాని మీదా పోరాడొచ్చు. డాల్ఫిన్ విషయంలో తైజి పద్ధతినే ఒక అధ్యయనం వీడియో ఆధారంగా పరిశీలించి 2013లో ప్రచురించింది. మెడ వెనక ఇనుప పుల్ల దించాక కూడా నాలుగు నిమిషాలకు పైగా కదలికలు కనబడ్డాయి. రెండోది, మందలో ఒకదాన్ని పట్టుకోవడం కాదిది, తల్లీ పిల్లా ముసలీ ఉన్న గుంపును గుంపుగా తోలుకురావడం. మూడోది పాదరసం. 2010లో మినమాటా వ్యాధి (పాదరసం వల్ల వచ్చే జబ్బు) అధ్యయన సంస్థ తైజి జనాన్ని పరీక్షిస్తే వాళ్ల ఒంట్లో పాదరసం మిగతా ప్రాంతాలవాళ్లకన్నా ఎక్కువ తేలింది. జబ్బు లక్షణాలు కనబడలేదని కూడా ఆ సంస్థే చెప్పింది, అదీ చెప్పండి. సగం చెప్పి సగం దాచొద్దు.

మా బావమరిది ఒప్పుకున్నాడా అంటే, లేదు. దుబాయ్ ప్యాకేజీలో షో మాత్రం తీయించాడు.

వేటగాడిని తిట్టొద్దు

జపాన్‌వాళ్లు రాక్షసులు, ఫారో వాళ్లు అనాగరికులు అని ప్లకార్డు రాసేవాళ్లను పక్కన కూర్చోబెట్టి మాట్లాడండి. మన జాతరల వీడియోలు తీసి వాళ్లూ అదే మాట అనగలరు.

మన జిల్లా కథే చూడండి. కలివికోడి అనే పిట్టను 1900 తర్వాత ఎవరూ చూడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల కింద మళ్లీ దొరికింది. పట్టిచ్చింది రాత్రిపూట టార్చిలైటుతో పిట్టలు పట్టే మనిషి. శాస్త్రవేత్తలకు దొరకనిది అతని చేతికి దొరికింది. ఆ తర్వాతే అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది.

గుజరాత్‌లోని వేరావల్‌లో తిమింగల సొరచేపలను నూనెకు, మాంసానికి వందల్లో చంపేవారు. 2001లో వాటికి చట్టరక్షణ వచ్చింది. జాలరుల మనసు మారడం 2004లో మొదలైన ప్రచారంతో. కథలు చెప్పే మురారి బాపు వాళ్లతో అన్నది మనకు బాగా తెలిసిన మాటే: అది పురుడు కోసం పుట్టింటికి వచ్చిన కూతురు. ఇప్పుడు అదే జాలరులు చిక్కినదాన్ని వల కోసి వదులుతున్నారు, తెగిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. ఆ పరిహారం ముఖ్యం. కూతురు అన్న మాటతో వల కోయడానికి చేయి లేస్తుంది, కొత్త వలకు మాత్రం డబ్బే కావాలి.

ఆ డబ్బు దగ్గరే బెడిసికొట్టిన చోటూ ఉంది. సాలమన్ దీవుల్లో ఫనలేయి ఊరివాళ్లు డాల్ఫిన్ పళ్ల కోసం వేటాడతారు, పెళ్లిలో ఓలిగా ఇస్తారు. బయటి సంస్థతో ఒప్పందం కుదిరి 2010లో ఆపారు. ఇస్తామన్నది పూర్తిగా ఇవ్వలేదని ఊరు, ఇచ్చామని సంస్థ. 2013 జనవరిలో వేట మళ్లీ మొదలై దాదాపు 900 డాల్ఫిన్లు పోయాయి.

జపాన్‌లోనే ఫుతో అనే ఊళ్లో ఒక డాల్ఫిన్ వేటగాడు వేట మానేసి, అదే పడవలో జనాన్ని డాల్ఫిన్లు చూడటానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. జపాన్‌వాళ్లకు రాసే ఉత్తరంలో నేను ఎప్పుడూ ఈయన్నే ముందు పెడతాను.

ఉత్తరం

తైజి ఉత్తరం చెన్నైలోని జపాన్ కాన్సులేట్‌కు, ఆంధ్రప్రదేశ్ వాళ్ల పరిధిలోదే. ఫారో విషయం ఢిల్లీలోని డెన్మార్క్ రాయబార కార్యాలయానికి రాయొచ్చు గానీ, వేట మీద నిర్ణయం ఫారో ప్రభుత్వానిదే అని జవాబు వస్తుంది. కాబట్టి ఆ ఉత్తరం ఫారో ప్రభుత్వానికే రాసి, కాపీ ఢిల్లీకి పంపండి. ఒక ఉత్తరంలో ఒకే కోరిక ఉండాలి. మా ఉత్తరం తెలుగు ముసాయిదా ఇదీ, పంపేటప్పుడు ఇంగ్లీషులోకి మార్చాం:

‘అయ్యా, మేం కడప అనే ఊళ్లో చదువు చెప్పేవాళ్లం, చదువుకునేవాళ్లం. మా ఊరికి సముద్రం లేదు. తైజిలో సెప్టెంబరు 1 నుంచి జరిగే వేటలో పట్టిన డాల్ఫిన్లను బతికుండగా విదేశీ షోలకు అమ్ముతున్నారని చదివాం. మా దేశం 2013 నుంచి ఇలాంటి షోలను అనుమతించడం లేదు. మీ దేశంలోనే ఫుతోలో ఒక వేటగాడు పడవను డాల్ఫిన్లు చూపించడానికి మార్చుకున్నారని తెలిసి సంతోషించాం. బతికున్న డాల్ఫిన్ల ఎగుమతిని ఆపాలన్న మా విన్నపాన్ని మీ ప్రభుత్వానికి చేరవేయగలరు. మీ జవాబు మా పిల్లలకు చదివి వినిపిస్తాం.’

చివరి వాక్యం పిల్లలే కలిపారు. ఆగస్టు మొదటి వారానికి చేరేలా పంపండి, వేట మొదలయ్యాక కాదు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి.

మన ప్రభుత్వానికి రెండు దారులు. ఒకటి సమాచార హక్కు దరఖాస్తు: కేంద్ర పర్యావరణ శాఖకు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ‘ఎందుకు మాట్లాడటం లేదు’ అని అడిగితే అది సమాచారం కాదంటారు. ‘గత ఐదేళ్లలో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ సమావేశాల్లో చిన్న తిమింగలాల గురించి భారత ప్రతినిధులు చేసిన ప్రకటనల ప్రతులు ఇవ్వండి’ అని అడగండి. రెండోది ఎంపీ. లోక్‌సభ ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలి కాబట్టి, సమావేశాల తేదీలు రాగానే ఆయన పీఏ చేతికి ప్రశ్నను టైపు చేసి ఇవ్వండి. నోటితో చెప్పొస్తే అక్కడే మరిచిపోతారు.

ఇదంతా ఒక పుస్తకంలోకి ఎక్కాలి. పొడుగు రిజిస్టరు, నాలుగు గళ్లు: తేదీ, ఎవరికి, ఏం అడిగాం, జవాబు. టూర్ ఆఫీసులూ అందులోనే. మా పుస్తకంలో నాలుగో గడి చాలావరకు ఖాళీ. ఖాళీగా ఉన్న ప్రతి వరసకూ మూడు నెలలకు ఒకసారి, పాత ఉత్తరం తేదీ పైన వేసి, ఇంకో ఉత్తరం పోతుంది. ఆ పని ఈ ఏడు వెనక బెంచీవాడికి అప్పగించాను, సముద్రం యాడుండాది అని అడిగినవాడికి.